గోదారి మట్టం, ఎనిమిది గడులు: చేతి అచ్చుతో నైరూప్య కామిక్స్ మడత పుస్తకం చేసే పద్ధతి

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. లంక ఊళ్లలో పుట్టిన వాళ్లకి ఈ అంకెలు వివరించక్కర్లేదు. పశువుల్ని ఎప్పుడు గట్టెక్కించాలో, ధాన్యం బస్తాలు ఎప్పుడు అటకెక్కించాలో అవే చెబుతాయి. ఇక్కడ మనం చేయబోయే చిన్న పుస్తకంలో ఈ మూడు మట్టాలూ కొలత ప్రకారం ఉంటాయి. అయితే అందులో నది బొమ్మ ఉండదు. పడవ ఉండదు, మనిషి ఉండడు, ఒక్క మాట కూడా ఉండదు. ఎనిమిది గడులు, ఏడు మడతలు, రెండు రంగులు, అంతే.

దీన్నే నైరూప్య కామిక్స్ అంటున్నారు. మామూలు బొమ్మల కథలో ఉండే గడులు, వాటి వరుస, గడికీ గడికీ మధ్య ఖాళీ ఇందులోనూ ఉంటాయి. పాత్రలు, సంభాషణలు, గుర్తుపట్టగలిగే వస్తువులు మాత్రం ఉండవు. ఆకారం మారుతుంది, గీత వంగుతుంది, మచ్చ పెరుగుతుంది, ఆ మార్పే కథ. అమెరికాలో కామిక్స్ గీసే రాబర్ట్ క్రంబ్ 1960ల చివర్లో ఇలాంటి పేజీలు గీశాడు. 2009లో ఆంద్రే మొలోతియూ సంపాదకత్వంలో ఒక పెద్ద సంకలనం వచ్చాక ఈ పద్ధతికి ఒక పేరు, ఒక చోటు ఏర్పడ్డాయి. అంతకు చాలా ముందే, 1918 నుంచి, బెల్జియం కళాకారుడు ఫ్రాన్స్ మాసెరీల్ చెక్క అచ్చులతో మాటల్లేని పుస్తకాలు చేశాడు. వాటిలో మనుషులున్నారు, వీధులున్నాయి, కాబట్టి అవి నైరూప్యం కావు. కానీ నలుపూ తెలుపూ వరుసగా పెడితే చాలు, చదివేవాడు ఒకదాన్నుంచి ఇంకొకదానికి తనంతట తనే నడుస్తాడని ఆ పుస్తకాలు చూపించాయి.

బొమ్మలు గీయడం రాదనుకునేవాళ్లు ఈ పని నిస్సంకోచంగా మొదలుపెట్టొచ్చు. ముంగిట్లో మెలికల ముగ్గు వేసే ఇంట్లో పెరిగినవాళ్లకి, దేని బొమ్మా కాని గీత కూడా ఒక క్రమంలో నడుస్తుందని చెప్పక్కర్లేదు.

ముందు మడత, ఆ తర్వాతే గీత

ఈ మార్గదర్శిలో నేను గట్టిగా పట్టుబట్టేది ఒక్కటే. ముందు కాగితం మడవండి, బొమ్మ సంగతి తర్వాత ఆలోచించండి. చాలామంది ఎనిమిది బొమ్మలు గీసుకుని, వాటిని ఎలా మడవాలా అని చూస్తారు. అలా చేస్తే ఎనిమిది విడి బొమ్మలు ఒక చోట చేరతాయే గానీ పుస్తకం కాదు.

చేలో నీరు ఒక మడి నుంచి ఇంకో మడికి ఎలా పోతుందో చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. మడి మధ్యలో నీరు నిలబడి ఉంటుంది. కదిలేదల్లా గట్టు దగ్గర, మడవ తీసిన చోటే. కామిక్స్‌లో గడి అలాంటి మడి, మడత గట్టు. చదివేవాడి మనసు కదిలేది గడి లోపల కాదు, మడత దాటేటప్పుడు. కాబట్టి ప్రతి మడత దగ్గరా ఏది దాటుతోంది, ఏది ఆగిపోతోంది అన్నది ముందు తేల్చుకోవాలి.

మనం వాడేది కుచ్చిళ్ల మడత. పొడవాటి కాగితం ముక్కని ముందుకూ వెనక్కూ మార్చి మార్చి మడవడం. ఇది మనకి కొత్తదేమీ కాదు. పూర్వం లెక్కలు రాసుకున్న కడితాలు ఈ మడతవే. గుడ్డకి చింతగింజల జిగురూ బొగ్గుపొడీ కలిపి పూసి, ఆరబెట్టి, కుచ్చిళ్లుగా మడిచి, బలపంతో రాసుకునేవాళ్లు.

ఈ మడతకి ఒక అద్భుతమైన గుణం ఉంది. పుస్తకాన్ని బల్ల మీద సగం తెరిచి నిలబెట్టండి. ఎదురుగా నిలబడితే ఎనిమిది గడులూ కనిపిస్తాయి. కుడివైపుకి జరిగి చూస్తే 1, 3, 5, 7 గడులే కనిపిస్తాయి. ఎడమవైపుకి జరిగితే 2, 4, 6, 8 మాత్రమే. అంటే ఒకే కాగితం మీద మూడు వరుసలున్నాయి, చదివేవాడు నిలబడే ఒడ్డుని బట్టి కథ మారుతుంది. మన పుస్తకం మొత్తం ఈ గుణం మీదే కట్టాం. బేసి గడుల్లో నీరు పెరుగుతుంది, సరి గడుల్లో చేను తరుగుతుంది.

కాగితం

పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు వేసే ప్రెస్సు లేని ఊరు డెల్టాలో తక్కువ. రాజమండ్రి, భీమవరం, పాలకొల్లు, అమలాపురం లాంటి చోట్లయితే వీధికొకటి ఉంటుంది. కాగితానికీ, సిరాకీ, కటింగ్‌కీ అక్కడికే వెళ్లండి.

అడగాల్సింది 20×30 అంగుళాల డబుల్ క్రౌన్ సైజు షీట్లు, 100 నుంచి 120 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాముల బరువు) మ్యాప్‌లితో, అంటే పూత లేని అచ్చు కాగితం. మెరుపు పూత ఉన్న ఆర్ట్ పేపర్ వద్దు. చేత్తో రుద్దే ముద్రకి అది జారిపోతుంది, మడత దగ్గర పూత పగులుతుంది. 70 జీఎస్ఎం అయితే ముద్ర చక్కగా దిగుతుంది గానీ పుస్తకం నిలబడదు. 150 దాటితే మడత మొరాయిస్తుంది. డ్రాయింగ్‌కి వాడే కార్ట్రిడ్జ్ కాగితం కూడా బాగుంటుంది, కాకపోతే కాస్త గట్టిగా రుద్దాలి.

ఒక్కో షీటు నుంచి 30 అంగుళాల పొడవు, 6½ అంగుళాల ఎత్తు ఉన్న పట్టీలు మూడు వస్తాయి. ఇరవై పుస్తకాలు చేయాలనుకుంటే పది షీట్లు తీసుకుని ముప్పై పట్టీలు కోయించండి. ఆ అదనపు పది చెడిపోవడానికే అనుకోండి. కత్తెరతో కోయొద్దు, ప్రెస్సులోని కటింగ్ మెషిన్ మీదే కోయించండి. అంచు తిన్నగా లేకపోతే ఏడో మడతకి వచ్చేసరికి పుస్తకం పక్కకి ఒరుగుతుంది.

కోయించే ముందు చూడాల్సింది కాగితపు నార. మిల్లు కాగితంలో పీచులన్నీ దాదాపు ఒకే దిక్కుకి పడి ఉంటాయి. నార వెంబడి మడిస్తే మడత కత్తిలా పడుతుంది, నారకి అడ్డంగా మడిస్తే గరుకుగా పగులుతుంది. తెలుసుకోవడం తేలిక. షీటుని మడవకుండా వంచి చూడండి. ఏ దిక్కులో సులువుగా వంగితే ఆ వంపు గీత వెంబడే నార ఉంది. అనుమానంగా ఉంటే చిన్న ముక్క చించి ఒక వైపు తడపండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది, గొట్టం పొడవు దిక్కే నార దిక్కు. మన పట్టీలో మడతలు నిలువుగా వస్తాయి కాబట్టి నార 20 అంగుళాల వైపు ఉన్న షీట్లు కావాలి. అవి దొరక్కపోతే అడ్డనార కాగితంతోనూ చేయొచ్చు, కానీ ప్రతి మడతకీ ముందు గాడి గీయడం తప్పదు.

ఏడు మడతలు

పట్టీని ఎనిమిది సమాన భాగాలు చేస్తే ఒక్కో గడి 3¾ అంగుళాల వెడల్పు వస్తుంది. స్కేలుతో కొలిచి ఏడు గీతలు గీయాలనిపిస్తుంది. అలా చేయొద్దు. కొలతలో వచ్చే వెంట్రుకవాసి తేడాలు ఏడు చోట్లా కలిసి పెద్దవవుతాయి. సగానికి సగం మడుచుకుంటూ పోవడమే కచ్చితమైన దారి.

1. అచ్చు వేయాల్సిన ముఖాన్ని కిందకి పెట్టండి. రెండు చివర్లూ కలిపి నడిమి మడత వేయండి. విప్పండి.
2. కుడి చివరని నడిమి మడత దాకా తెచ్చి మడవండి, విప్పండి. ఎడమ చివరనీ అలాగే. ఇప్పటికి మూడు మడతలు, మూడూ ఒకే వైపుకి.
3. పట్టీని తిప్పి ముఖం పైకి పెట్టండి. ఇప్పుడు మిగిలిన నాలుగు భాగాల్నీ ఒక్కోటిగా సగం చేయాలి. చివరని దగ్గరున్న మడతకి తెచ్చి ఒకటి, ఆ మడతని నడిమి మడతకి తెచ్చి ఇంకొకటి. రెండో వైపూ అంతే.
4. ఇప్పుడు పట్టీని దగ్గరకి నెట్టండి. తనంతట తనే కుచ్చిళ్లుగా కూర్చుంటుంది. మొదటి గడీ రెండో గడీ ఎదురెదురుగా మూసుకుంటే మడతలు సరిగ్గా పడినట్టే.

ఒకేసారి మూడుసార్లు మడిచేస్తే తొందరగా అయిపోతుంది కదా అనిపించొచ్చు. పొరల మందం వల్ల లోపలి గడులు వెడల్పు తగ్గుతాయి, అందుకే ప్రతిసారీ విప్పమన్నాను. రీఫిల్ అయిపోయిన బాల్ పెన్నుతో స్కేలు వెంబడి గాడి గీసి మడిస్తే మడత ఇంకా శుభ్రంగా వస్తుంది. మడతని గోరుతో కాదు, స్టీలు చెంచా కాడతో నొక్కండి. గోరు మెరుపు మరక వదులుతుంది.

అన్నిటినీ మడిచాక విప్పి, చదునుగా పరిచి, బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచండి. అచ్చు ఆ తర్వాతే.

మాటల్లేకుండా వరుస నడపడం

ఇక్కడ తొందరపడకండి. ఈ పనిలో అసలు రచన జరిగేది ఇక్కడే, మిగిలింది చేతిపని.

నైరూప్య కామిక్స్‌లో తరచూ వచ్చే లోపం అన్నీ ఒకేసారి మారిపోవడం. ఒక గడిలో గుండ్రం, తర్వాతి దాంట్లో అడ్డగీతలు, ఆ తర్వాత చుక్కలు. అప్పుడు చదివేవాడికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఒక గడి నుంచి తర్వాతి గడికి ఒక్కటే మారాలి. ఎత్తో, సంఖ్యో, వాలో, రంగో, ఏదో ఒకటి. మిగతావన్నీ కదలకుండా ఉండాలి. కదలనివి ఉంటేనే కదిలింది కనిపిస్తుంది.

మన పుస్తకంలో మారేది ఎత్తు ఒక్కటే. గడి ఎత్తు 6½ అంగుళాలు, అందులో పైనా కిందా పావు అంగుళం వదిలితే అచ్చు పడేది 6 అంగుళాలు. పావు అంగుళాన్ని ఒక అడుగుగా తీసుకుందాం. అప్పుడు ఆరు అంగుళాల్లో 24 అడుగుల గోదారి పడుతుంది. మట్టాలు ఇలా వస్తాయి:

మొదటి గడిలో నీరు 1 అంగుళం, అంటే నాలుగు అడుగులు, మామూలు రోజు. మూడో గడిలో 2 15/16 అంగుళాలు, మొదటి హెచ్చరిక. ఐదో గడిలో 3 7/16, రెండో హెచ్చరిక. ఏడో గడిలో 4 7/16, మూడో హెచ్చరిక. మామూలు స్కేలు మీద పదహారో వంతు గీతలకి ఇవి సరిగ్గా అతుకుతాయి.

గమనించారా, పెరుగుదల సమానంగా లేదు. ముందు దాదాపు రెండు అంగుళాల ఉరుకు, తర్వాత అర అంగుళం, ఆ తర్వాత ఒక అంగుళం. అందంగా ఉంటుందని వీటిని సమానం చేయొద్దు. ఈ ఎగుడుదిగుడే పుస్తకానికి లయ. రెండో హెచ్చరిక దగ్గర నీరు ఆగినట్టే అనిపించి, ఏడో గడిలో మళ్లీ లేస్తుంది. వరద చూసినవాళ్లకి ఆ ఆగడం ఎంత భయపెడుతుందో తెలుసు. 1986 ఆగస్టులో మట్టం మూడో హెచ్చరికనీ దాటి చాలా పైకి పోయింది. ఏడో గడిలో నీటిపైన మిగిలిన ఖాళీని చూసి ఆ సంగతి ఎవరికి గుర్తుకు రావాలో వాళ్లకి వస్తుంది. మీరు అంకెలు వేయకండి, గీత పక్కన పేరు రాయకండి.

సరి గడుల్లో చేను. ప్రతి సరి గడిలోనూ దాని ఎడమ గడిలో నీరు ఎంత ఎత్తుకి వచ్చిందో అక్కణ్నుంచి పైకి మాత్రమే చేను ముద్ర పడుతుంది. రెండో గడిలో 5 అంగుళాల చేను ఉంటుంది, నాలుగో గడిలో 3 1/16, ఆరో గడిలో 2 9/16, ఎనిమిదో గడిలో 1 9/16 అంగుళాలే మిగులుతుంది. పుస్తకం తెరిచినప్పుడు ఎడమ పుటలో నీటి పైఅంచు, కుడి పుటలో చేను కింది అంచు ఒకే గీత మీద ఉంటాయి. మడత దాటేది ఆ గీత ఒక్కటే.

అచ్చుకి ముందు ఒక నమూనా చేయండి. పాత న్యూస్‌పేపర్ పట్టీని ఇలాగే మడిచి, రంగు పెన్సిల్‌తో గడులు నింపి, ఇంట్లో ఎవరికైనా ఏమీ చెప్పకుండా ఇవ్వండి. వాళ్ల వేలు ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ వెనక్కి తిప్పుతున్నారో చూడండి. ఆగాల్సిన చోట ఆగకుండా పోతుంటే మట్టాల ఎంపిక మార్చాలి. ఈ దశలో మార్చడానికి పైసా ఖర్చు లేదు.

అచ్చు దిమ్మలు

రెండే దిమ్మలు కావాలి. రెండూ 3½ అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు. గడి 3¾ కాబట్టి మడతకి రెండు పక్కలా ఎనిమిదో వంతు చొప్పున తెల్లగా మిగులుతుంది.

నీటి దిమ్మ చెక్కనక్కర్లేదు. వడ్రంగి దగ్గర ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసిన పలక) ముక్క ఆ కొలతకి కోయించి, ఇసుక కాగితంతో నునుపు చేసి, రెండు పూతలు వార్నిష్ వేసి బాగా ఆరనివ్వండి. వార్నిష్ లేకపోతే చెక్క సిరాని తాగేసి ముద్ర మచ్చలుగా పడుతుంది.

చేను దిమ్మకి లినోలియం (ఉలితో తేలిగ్గా చెక్కగలిగే మెత్తటి షీటు, లినో అని కూడా అంటారు) వాడండి. పెద్ద ఊళ్లలో ఆర్ట్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. గట్టిగా ఉంటే పది నిమిషాలు ఎండలో పెట్టండి, వెన్నలా తెగుతుంది. చెక్కే ఉలి కొన ఎప్పుడూ మీ నుంచి బయటికి పోవాలి, దిమ్మని పట్టుకున్న చెయ్యి ఉలికి వెనకే ఉండాలి. లినోతో జరిగే గాయాల్లో చాలావరకు ఈ ఒక్క నియమం మరిచినందువల్లే.

చెక్కిన గీత తెల్లగా వస్తుంది, మిగిలిన భాగం నల్లగా. సన్నటి వి ఆకారపు ఉలితో నిలువు గీతలు చెక్కండి. కింద దూరం దూరంగా మొదలుపెట్టి పైకి పోయేకొద్దీ దగ్గర చేయండి. దీనికో కారణం ఉంది. నీరు పెరిగేకొద్దీ మిగిలేది పైభాగమే. మిగిలింది ఎంత తక్కువైతే గీతలు అంత ఒత్తుగా కనిపించాలి. మొక్కల్లా ఆకులు పెట్టొద్దు, కంకులు చెక్కొద్దు. ఒక్క ఆకు గుర్తుపట్టినా చదివేవాడు అదే బొమ్మ అనుకుని ఆగిపోతాడు, వరుస చచ్చిపోతుంది. ఇదే కారణంతో చేనుకి ఆకుపచ్చ రంగు కూడా వద్దంటాను. నలుపే వేయండి.

లినో దొరక్కపోతే మెత్తటి ఫోమ్ షీటుని ఎండీఎఫ్ ముక్క మీద అతికించి, బాల్ పెన్నుతో గట్టిగా గీసి అణచండి. ఇరవై ముద్రలకి సరిపోతుంది.

రెండు అడ్డుకాగితాలు, ఒక కోత

నాలుగు మట్టాలకి నాలుగు నీటి దిమ్మలు చేయాల్సిన పని లేదు. సిరా పూసిన దిమ్మ మీద పల్చటి కాగితం అడ్డుపెడితే అక్కడ ముద్ర పడదు. బటర్ పేపర్‌ని దిమ్మ కంటే నాలుగు పక్కలా రెండు అంగుళాలు పెద్దదిగా తీసుకోండి. దిమ్మ మీద పరిచి, కింది అంచు నుంచి 2 15/16 అంగుళాల ఎత్తులో గుర్తుపెట్టి అడ్డంగా కోయండి. పై ముక్క మూడో గడిలో నీటి పైభాగాన్ని కప్పుతుంది. కింది ముక్క నాలుగో గడిలో చేను కిందిభాగాన్ని కప్పుతుంది. ఒకే కోతలో రెండూ వచ్చాయి కాబట్టి మట్టం తప్పే అవకాశం లేదు. ఇలా నాలుగు మట్టాలకీ నాలుగు జతలు చేసి, వాటి మీద గడి నంబర్లు రాసుకోండి.

కోత కత్తితో చేస్తే గీత తిన్నగా వస్తుంది. స్కేలు అదిమి చింపితే అంచు కాస్త గరుకుగా, పీచుగా వస్తుంది, నాకు అదే ఇష్టం. చింపేటప్పుడు రెండు చివర్లూ ఒకే ఎత్తులో ఉండేట్టు చూసుకోండి. లేకపోతే మడత దగ్గర నీరూ చేనూ కలవవు. దళసరి కాగితం అడ్డుపెడితే దాని అంచు చుట్టూ తెల్లటి పట్టీ వస్తుంది, అందుకే బటర్ పేపర్.

సిరా

ప్రెస్సులో వాడే ఆఫ్‌సెట్ సిరా, అంటే నూనె సిరా, ఈ పనికి చాలా మంచిది. నల్లది, పసుపు, ఎరుపు కొద్దికొద్దిగా అడిగి తీసుకోండి. డబ్బా మొత్తం కొనక్కర్లేదు. పసుపులో ఎరుపు కలిపి, సూదిమొన అంత నలుపు చేరిస్తే జూలైలో వచ్చే ఎర్రనీటి రంగు వస్తుంది. నలుపు చేర్చేటప్పుడు జాగ్రత్త, అది మిగతా రెంటినీ మింగేస్తుంది.

నూనె సిరా వద్దనుకుంటే అక్రిలిక్ రంగులో నాలుగు చుక్కలు గ్లిజరిన్ కలపండి, ఆరడం నెమ్మదిస్తుంది. పిల్లలతో చేస్తే ఇదే నయం.

గాజు పలక మీద సిరాని కొంచెం వేసి రబ్బరు రోలర్‌తో పరవండి. సరిగ్గా పరుచుకున్న సిరా మీద రోలర్ పోతుంటే సన్నగా చిటచిట శబ్దం వస్తుంది, పైభాగం వెల్వెట్‌లా కనిపిస్తుంది. పచ్‌పచ్‌మని జిగటగా మోగితే సిరా ఎక్కువైంది. చెక్కిన సన్నగీతలు పూడిపోయేది అప్పుడే.

ముద్ర వేయడం

గట్టి అట్ట మీద దిమ్మ చుట్టూ ఒక చట్రం చేసుకోండి. మధ్యలో దిమ్మ, దాని చుట్టూ పెన్సిల్‌తో 3¾×6½ గడి గీత, ఎడమ పక్కా కింది పక్కా దిమ్మంత మందం ఉన్న అట్ట ముక్కలు అతికించండి. పట్టీ మడత ఎడమ అట్టకి ఆనాలి, కింది అంచు కింది అట్టకి ఆనాలి. చట్రం చేయడానికి పట్టే గంట, తర్వాత ప్రతి ముద్రలోనూ తిరిగొస్తుంది.

ముందు అన్ని పట్టీల మీదా నీటి గడులు వేయండి. దిమ్మకి సిరా పూయండి. ఆ గడి అడ్డుకాగితం పరవండి. పట్టీలో మిగిలిన గడుల్ని వెనక్కి మడిచి, కావాల్సిన గడి ఒక్కటే ముఖం కిందకి వచ్చేట్టు చట్రంలో కూర్చోబెట్టండి. చెక్క గరిటె వీపుతో మధ్య నుంచి అంచులకి చిన్న గుండ్రాలుగా రుద్దండి. ఎడమచేత్తో కాగితాన్ని కదలకుండా పట్టుకోవాలి. ఒక మూల మెల్లగా ఎత్తి చూడండి. పాలిపోయి ఉంటే మళ్లీ దించి ఇంకాస్త రుద్దండి. పూర్తిగా ఎత్తేశాక మళ్లీ పెట్టాలని చూడొద్దు, ముద్ర రెండుగా పడుతుంది.

మొదటి రెండు మూడు ముద్రలు పాత కాగితం మీద వేయండి. కొత్త దిమ్మకి సిరా పట్టడానికి అంత సమయం పడుతుంది.

ముందు 1వ గడి అన్ని పట్టీల మీదా, అవి ఆరాక 3వది అన్నిటి మీదా, అలా ఒక్కో మట్టం పూర్తి చేసుకుంటూ పోతే అడ్డుకాగితం పదేపదే మార్చక్కర్లేదు. అడ్డుకాగితం సిరాతో తడిసి బరువెక్కితే కొత్తది పెట్టండి. నీటి గడులు పూర్తిగా ఆరాకే చేను గడులు మొదలుపెట్టాలి. తడి గడిని వెనక్కి మడిస్తే పక్క గడికి రంగు అంటుకుంటుంది. చేను గడులకి దిమ్మ మారుతుంది, అడ్డుకాగితం కింది ముక్క అవుతుంది, మిగతాదంతా అదే.

దిమ్మ మీద చెక్కింది ముద్రలో కుడి ఎడమలు తారుమారవుతుంది. మన నిలువు గీతలకి పెద్ద తేడా రాదు గానీ, వాలుగీతలు చెక్కినవాళ్లు గుర్తుంచుకోవాలి.

నూనె సిరా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ముసురు పట్టిన రోజుల్లో ఇంకా ఎక్కువ. దండెం కట్టి క్లిప్పులతో వేలాడదీయండి. ఈ ప్రాంతంలో డిసెంబరు నుంచి మార్చి వరకు ఈ పనికి హాయిగా ఉంటుంది. వర్షాకాలంలో తప్పకపోతే కోత, మడత, ముద్ర మూడూ వెంటవెంటనే చేసేయండి. గాలిలో తేమకి కాగితం సాగుతుంది, ఎండ రోజున చేసిన చట్రంలో ముసురు రోజున పట్టీ కుదరదు.

చేతులకీ దిమ్మలకీ అంటిన నూనె సిరాని ముందు కొబ్బరి నూనె పూసిన గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. కిరసనాయిలు అక్కర్లేదు.

వెనక వైపు

ముందువైపు పూర్తయ్యాక పట్టీ వెనక ఖాళీగా ఉంటుంది. ఖాళీగానే వదిలేయొచ్చు. వరద తీసిన తర్వాతి సంగతి చెప్పాలనుకుంటే మాత్రం మూడో దిమ్మ ఒకటి చేయండి, చెక్కడం లేకుండా. అట్టముక్క మీద ఫెవికాల్ రాసి కొబ్బరి పీచుని పల్చగా పరిచి అతికించండి. ఆరాక పైన ఇంకో రెండు పూతలు ఫెవికాల్ పూసి గట్టిపడనివ్వండి. ముద్ర వేస్తే ఒండ్రు మట్టి మీద నీరు జారిన చారల్లాంటి అల్లిక వస్తుంది. నరసాపురం వైపు వాళ్లకి లేసు అల్లికలో మిగిలిన ముక్కలు ఇంట్లోనే ఉంటాయి. అవీ ఇలాగే అతుకుతాయి, దారపు కన్నాలు స్పష్టంగా ముద్రలోకి దిగుతాయి. కాకపోతే ఆ పువ్వుల నమూనా ఇట్టే గుర్తుపట్టేస్తారు, చిన్న ముక్కలుగా కత్తిరించి వాడండి.

వెనక ఎనిమిది గడులున్నా వాడుకోగలిగేవి ఆరే. రెండు చివరి గడుల వీపులు అట్టలకి అతుకుతాయి.

అట్టలు

బైండింగ్ షాపులో దొరికే గట్టి అట్టని 4×6¾ అంగుళాల ముక్కలుగా, పుస్తకానికి రెండు చొప్పున కోయించండి. పై కాగితం 5½×8¼, అంటే నాలుగు పక్కలా ముప్పావు అంగుళం లోపలికి మడవడానికి. గుడ్డ వేయాలనుకుంటే కాలికో (బైండర్లు వాడే గుడ్డ) వాడండి. పాత పంచె, చీర ముక్కలైతే ముందు వాటి వెనక పల్చటి కాగితం అతికించి ఆరనివ్వాలి, లేకపోతే జిగురు ముందుకి ఊరి మరకలవుతాయి.

మైదా జిగురు సరిపోతుంది. ఒక వంతు మైదాని ఐదు వంతుల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నమంట మీద తిప్పుతూ గాజులా మెరిసేదాకా ఉడికించండి. పురుగు పట్టకుండా బైండర్లు ఇందులో మైలుతుత్తం వేస్తారు. అది విషం, పైగా కాలం గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది. చిన్న పుస్తకానికి వద్దు. ఏ రోజు జిగురు ఆ రోజు చేసుకుని, పల్చగా పూసి, పూర్తిగా ఆరనిస్తే చాలు.

మొదటి గడి వీపుకి జిగురు పూసి అట్ట మధ్యలో అతికించండి. మడతలన్నీ మూసి, రెండో అట్టని మొదటిదానికి సరిగ్గా సమంగా పెట్టి ఎనిమిదో గడి వీపుకి అతికించండి. జిగురు గడికీ పక్క గడికీ మధ్య బటర్ పేపర్ ముక్క పెట్టి, బరువు కింద ఒక రోజు ఉంచండి. ముందే తెరిచి చూడాలనిపిస్తుంది, ఆగండి. తేమగా ఉన్నప్పుడు తెరిస్తే అట్ట వంకర తిరుగుతుంది, ఆ వంకర తర్వాత పోదు.

సంఖ్య, సంతకం

ఇరవై మంచి కాపీలు వచ్చాయనుకుంటే వెనక అట్ట లోపలి అంచున పెన్సిల్‌తో 1/20, 2/20 అని వరుసగా రాసి సంతకం పెట్టండి. ఇంకు పెన్నుకంటే పెన్సిల్ ఎక్కువకాలం నిలుస్తుంది. ముద్రల్లో లేత, చిక్కన తేడాలుంటే కంగారుపడకండి. చేతి అచ్చులో ప్రతి కాపీ కొంచెం వేరుగానే ఉంటుంది. గీత మడత దగ్గర తెగిపోయిన కాపీలు మాత్రం లెక్కలోంచి తీసేయండి.

పుస్తకం పేరు, ఊరు, సంవత్సరం, వాడిన కాగితం, సిరా వివరాలు ఒక చిన్న చీటీ మీద రాసి విడిగా పెట్టండి, పుస్తకంలో అతికించొద్దు. హెచ్చరికల కొలతలు కూడా కావాలంటే ఆ చీటీలోనే రాయండి. చదివేవాళ్లు ముందు గడులు చూడాలి, తర్వాత కావాలంటే చీటీ తీస్తారు.

పుస్తకాలు నిలువుగా కాకుండా పడుకోబెట్టి, ఒకదాని మీద ఒకటి, మూతపడే డబ్బాలో పెట్టండి. వర్షాకాలంలో నెలకోసారి తీసి గాలికి తెరిచి ఉంచండి.